లెసోతో వెళ్తున్నారా? ముందు పలకరించడం నేర్చుకోండి

మసేరులో దిగిన మూడో రోజు అనుకుంటా. రోమా ఊరికి వెళ్ళే వ్యాన్ ఎక్కడాగుతుందో తెలీక, రోడ్డు పక్కన బొగ్గుల మీద మొక్కజొన్న కంకులు కాలుస్తున్న ఒక పెద్దావిడ దగ్గరికెళ్ళి సూటిగా "రోమా బండి ఎక్కడ?" అని అడిగేశాను. ఆవిడ కంకులు తిప్పుతూనే నా మొహంలోకి ఒకసారి చూసి "దుమేలా, న్తాతే" అంది. నేను మళ్ళీ రోమా అన్నా. ఆవిడ కూడా అంతే నెమ్మదిగా మళ్ళీ "దుమేలా, న్తాతే" అంది. అప్పటికి తెలిసొచ్చింది, నేను మనిషిని పలకరించకుండా పనిలోకి దిగిపోయానని. "దుమేలా, మ్మే" అన్నా. ఎలా ఉన్నావంటే బాగున్నానన్నా, మీరెలా ఉన్నారంటే ఆవిడా బాగుందంది. అదయ్యాక కంకుల దగ్గర మనవణ్ణి కూర్చోబెట్టి, రెండు వీధులు నాతో నడిచొచ్చి, వ్యాన్ ఎక్కించి, డ్రైవర్‌కి అప్పజెప్పి మరీ వెళ్ళింది.

ఆ తర్వాత అక్కడ రెండేళ్ళు పనిచేశాను, ఆ దేశంలో ఏ తలుపైనా తెరుచుకునేది ఆ ఒక్క మాటతోనే అని నాకు గట్టి నమ్మకం. అందుకే వీసా, హోటల్ కంటే ముందు పలకరింపు గురించే చెప్తా, మిగతావి దాని వెనకే వస్తాయి.

ముందు పేర్లు సరిచేసుకుందాం

మ్యాప్‌లో సౌతాఫ్రికా మధ్యలో ఒక చిల్లులా కనిపిస్తుందే, అదే లెసోతో. నాలుగు వైపులా ఒకే దేశం చుట్టేసిన దేశాలు ప్రపంచంలో మూడే ఉన్నాయి, వాటికన్, శాన్ మరీనో, ఇది. మొదటి రెండూ చిన్నవి, ఇది మాత్రం 30,355 చదరపు కిలోమీటర్లు, జనం ఇరవై లక్షల పైచిలుకు. రాజధాని మసేరు.

మనం రాసేటప్పుడు లెసోతో అని రాస్తాం గానీ వాళ్ళు పలికేది దాదాపు "లెసూటూ" అని. దేశం లెసోతో, భాష సెసోతో, ఒక మనిషైతే మొసోతో, ఎక్కువమందైతే బసోతో. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే "లెసోతియన్స్" అని కొత్తగా వచ్చినవాళ్ళు అంటుంటారు, అలాంటి మాటే లేదు. మీరు "బసోతో" అని సరిగ్గా అంటే ఎదుటివాళ్ళ మొహం వెంటనే విచ్చుకుంటుంది.

ఇంకో చిక్కుంది. రాత ఒకలా, పలుకు ఒకలా ఉంటుంది. లెసోతోలో సెసోతో రాసేటప్పుడు 'ల' అక్షరం తర్వాత ఇకారం గానీ ఉకారం గానీ వస్తే దాన్ని 'ద' అని చదవాలి, అందుకే బోర్డుల మీద "లుమేలా" అని కనిపిస్తుంది, నోటికి మాత్రం "దుమేలా". ఇది తెలీక నేను ఒక నెలంతా ఊళ్ళ పేర్లు తప్పుగా పలికా. అలాగే ఊరి పేరు ముందు "హా" అని ఉంటే ఫలానా వాళ్ళ చోటు అని అర్థం, హా కోమే అంటే కోమే వాళ్ళ ఊరు. చాలా ఊళ్ళు పెద్దమనిషి పేరు మీదే ఉంటాయి కాబట్టి ఊరి పేరు తెలిస్తే ఆ ఊరి మొదటి పెద్ద పేరూ తెలిసినట్టే.

పలకరింపు ఎలా

మగవాళ్ళైతే న్తాతే, అంటే నాన్నగారు. ఆడవాళ్ళైతే మ్మే, అంటే అమ్మ. మీ ఈడువాళ్ళు, చిన్నవాళ్ళు అయితే అబుతి, ఔసి అనొచ్చు, అన్న అక్క లాంటివే. బామ్మలని న్ఖోనో అంటారు. తెలీని మనిషిని కూడా వరస కలిపి పిలవడం మనకి కొత్త కాదు కాబట్టి ఈ విషయంలో తెలుగువాళ్ళకి సగం పని అయిపోయినట్టే, యూరప్ నుంచి వచ్చిన నా తోటి ఉద్యోగులు దీనికే ఇబ్బంది పడేవాళ్ళు.

"దుమేలా, న్తాతే" అన్నాక ఆగాలి. వాళ్ళు తిరిగి అంటారు. తర్వాత "ఉ ఫేలా జ్వాంగ్?", ఎలా బతుకుతున్నావు అని. దానికి జవాబు "కె ఫేలా హాంట్లే", బాగానే బతుకుతున్నా. కొందరు "ఉ కాయ్?" అంటారు, మాటకి మాట చూస్తే ఎక్కడున్నావు అని, అయితే ఊరి పేరు చెప్పకండి, "కె తెంగ్" అనాలి, అంటే ఉన్నాను. నాకు ఈ జవాబంటే చాలా ఇష్టం, బాగున్నానో లేదో తర్వాత సంగతి, ఇక్కడున్నా, నీ ఎదురుగా ఉన్నా, అంతే. పదిమంది కూర్చున్న చోటికి వెళ్తే "దుమేలాంగ్", ఇది బహువచనం. కృతజ్ఞత చెప్పడానికి "కియా లెబోహా". ఏదైనా ఇస్తే రెండు చేతులూ చాపి తీసుకోండి, ఒక్క చేత్తో లాక్కున్నట్టు తీసుకుంటే బాగోదు.

కొండ ఊళ్ళలో "ఖోత్సో" అని కూడా వినిపిస్తుంది, శాంతి అని అర్థం. దేశం నినాదమే "ఖోత్సో, పులా, నాలా", శాంతి, వాన, సమృద్ధి. ఆ వాన మాటని మీటింగుల్లో, పెళ్ళిళ్ళలో, ఉపన్యాసం అయిపోగానే జనం అంతా "పులా!" అని అరుస్తారు, అరుపుతో పాటు మీరూ కలవండి, ఎవరూ ఏమీ అనుకోరు.

పెళ్ళైన ఆడవాళ్ళని పిలిచేటప్పుడు ఒకటి గమనించండి. అత్తారింటికి వచ్చిన కోడలికి అక్కడివాళ్ళు కొత్త పేరు పెడతారు, "మా" అని మొదలయ్యే పేరు, అంటే పుట్టబోయే మొదటి బిడ్డ పేరు ముందే అనుకుని ఆ బిడ్డ తల్లి అని. బిడ్డ ఇంకా పుట్టకముందే అమ్మాయి "మాథాబో" అయిపోతుంది, థాబో వాళ్ళమ్మ అని. ఇక మనిషి మూలం తెలుసుకోవాలంటే సెబోకో అడుగుతారు, అంటే వంశం, ఒక్కో వంశానికి ఒక్కో జంతువు గుర్తు. బాక్వెనా వాళ్ళది మొసలి, బతౌంగ్ వాళ్ళది సింహం. రాజవంశం బాక్వెనా, అందుకే దేశం అధికార చిహ్నంలో మొసలి ఉంటుంది. కాస్త పరిచయం అయ్యాక మీ సెబోకో ఏంటని అడిగి చూడండి, పెద్దవాళ్ళైతే వంశం పొగడ్త పద్యం మొత్తం ఊపిరి ఆపకుండా చదివేస్తారు.

థబా బోసియు ఎక్కకుండా ఏదీ అర్థం కాదు

మసేరు నుంచి ఓ ఇరవై పైచిలుకు కిలోమీటర్లు. పైన బల్లపరుపుగా ఉన్న కొండ, చుట్టూ నిటారు రాతి అంచు. కింద గైడ్‌ని మాట్లాడుకుని ఖుబేలు దారి గుండా ఎక్కండి, పెద్ద కష్టం కాదు, కానీ తొమ్మిది దాటితే ఎండ మాడ్చేస్తుంది కాబట్టి పొద్దున్నే వెళ్ళండి. గైడ్ లేకుండా ఎక్కితే మీకు కనిపించేది రాళ్ళూ గడ్డీ మాత్రమే, కథంతా వాళ్ళ నోట్లో ఉంది.

1820ల్లో ఆఫ్రికా దక్షిణ భాగం అంతా యుద్ధాలతో, కరువుతో అల్లకల్లోలంగా ఉంది. తెగలకి తెగలు చెదిరిపోతున్నాయి. అప్పుడు ఒక చిన్న తెగ నాయకుడు తన మనుషుల్ని, పశువుల్ని తోలుకుంటూ బుథా బుథే నుంచి నడిచి 1824లో ఈ కొండకి చేరాడు. పేరు మొష్వేష్వే. అసలు పేరు లెపోకో, కానీ కుర్రతనంలో పక్క నాయకుడి పశువుల్ని దోచుకొచ్చి, అతని గడ్డం గొరిగేసినంత పని చేశానని చెప్పుకున్నాడు, ఆ మంగలికత్తి చేసే ష్వే ష్వే చప్పుడే పేరైపోయింది. చేరింది చీకటి వేళ కాబట్టి కొండకి థబా బోసియు అని పేరు, రాత్రి కొండ. రాత్రి పూట కొండ ఎత్తు పెరుగుతుంది, శత్రువు ఎక్కలేడు అని నమ్మిక.

ఆ ప్రయాణంలోనే వెనకబడిపోయిన అతని తాత పీటేని నరభక్షకులు పట్టుకుని తినేశారు. తర్వాత ఆ మనుషులు దొరికారు, చంపేద్దాం అన్నారు జనం. మొష్వేష్వే వద్దన్నాడు. మా తాత సమాధి ఇప్పుడు వీళ్ళ పొట్టలే కదా, సమాధిని ఎవరైనా పాడుచేస్తారా అని, సమాధికి చేసే శుద్ధి కర్మ వాళ్ళకి చేయించి, పశువుల్నిచ్చి, సాగు చేసుకు బతకమని పంపేశాడట. ఇది మా గైడ్ చెప్తున్నప్పుడు అతని గొంతు కాస్త మారింది, రోజూ చెప్పే కథే అయినా.

1831లో ఎన్డెబెలే అనే ఇంకో తెగ సైన్యం వచ్చి కొండ మీదికి ఎక్కలేక, పైనుంచి దొర్లించిన రాళ్ళ దెబ్బకి వెనక్కి మళ్ళింది. ఓడి పోతున్న ఆ సైన్యానికి మొష్వేష్వే ఎడ్లని పంపించాడు, ఆకలేసి వచ్చుంటారు, దారిలో తినండి అని. మళ్ళీ వాళ్ళు రాలేదు. 1852లో బ్రిటిష్ సైన్యం బెరియా దగ్గర దెబ్బతింటే, గెలిచినవాడే ఓడినట్టు మర్యాదగా ఉత్తరం రాసి శాంతి అడిగాడు, ఎదుటివాడు పరువుతో వెనక్కి వెళ్ళడానికి దారి ఇచ్చాడన్నమాట. 1865లో బోయర్లు, అంటే అక్కడ స్థిరపడ్డ డచ్ సంతతి తెల్లవాళ్ళు, దాడి చేస్తే వాళ్ళ నాయకుడు లౌ వెపెనర్ ఈ కొండ మీదే చనిపోయాడు. కొండ మాత్రం ఎవరికీ చిక్కలేదు. కానీ కాలెడన్ నది అవతల ఉన్న మంచి సాగుభూమి పోయింది, ఇప్పుడదంతా సౌతాఫ్రికాలోని ఫ్రీ స్టేట్. మిగిలిన కొండలైనా దక్కించుకోవడానికి 1868లో బ్రిటిష్ రక్షణ కోరాడు, అలా బసూటోలాండ్ అయింది, 1966 అక్టోబర్ 4న స్వతంత్ర లెసోతో. అప్పుడు ఆ ముసలాయన ఆ నిర్ణయం తీసుకోకపోయుంటే మ్యాప్ మధ్యలో ఈ చిల్లు ఉండేదే కాదు.

కొండ పైన రాజుల సమాధులున్నాయి, మొష్వేష్వేది చాలా సాదా రాళ్ళ గుట్ట. 1996లో కారు ప్రమాదంలో పోయిన రెండో మొష్వేష్వేదీ అక్కడే. ఆయన కొడుకే ఇప్పటి రాజు మూడో లెత్సియే, పాలన మాత్రం ఎన్నికైన ప్రభుత్వానిది. సమాధుల దగ్గర టోపీ తీసెయ్యండి, గొంతు తగ్గించండి. పక్కనే క్విలోవానే అని మొన తేలిన ఒంటి గుట్ట కనబడుతుంది. వాళ్ళ గడ్డి టోపీ మొకొరోట్లో ఆ గుట్ట ఆకారమే అంటారు, 2006 నుంచి జెండా మధ్యలో ఉన్న నల్ల బొమ్మ అదే టోపీ.

చేరడం, డబ్బు

ఈ భాగం తొందరగా చెప్పేస్తా. ఎటునుంచి వెళ్ళినా సౌతాఫ్రికా మీదుగానే. జోహన్నెస్‌బర్గ్ నుంచి చిన్న విమానం ఉంటుంది, గంట ప్రయాణం. రోడ్డు మీద వెళ్తే మసేరు బ్రిడ్జి దగ్గర రాత్రింబవళ్ళూ సరిహద్దు తెరిచే ఉంటుంది, మపుత్సో వైపు ఫిక్స్‌బర్గ్ బ్రిడ్జి కూడా అంతే. అందరూ మర్చిపోయేది ఒకటుంది, లెసోతో వీసా చూసుకుంటారు గానీ సౌతాఫ్రికా వీసా ఒక్కసారి ప్రవేశానిదే తీసుకుంటారు. లెసోతోలోకి అడుగుపెట్టారంటే సౌతాఫ్రికా దాటి బయటికి వెళ్ళినట్టే, తిరిగి రావాలంటే మళ్ళీ ప్రవేశం కావాలి. కాబట్టి ఎక్కువసార్లు ప్రవేశం ఉన్న వీసానే అడగండి. టికెట్ కొనేముందు రెండు దేశాల నియమాలూ చూసుకోండి, మారుతుంటాయి.

డబ్బు పేరు లోటి, ఎక్కువైతే మలోటి, చిల్లర లిసెంటే. ఒక లోటి ఒక సౌతాఫ్రికా రాండ్‌తో సమానం, రాండ్లు లెసోతోలో ఎక్కడైనా చెల్లుతాయి. మలోటి మాత్రం సరిహద్దు దాటాక చెల్లవు, కాబట్టి వెళ్ళిపోయే రెండు రోజుల ముందు నుంచి చిల్లర రాండ్లలో ఇవ్వమని అడగండి, ఇస్తారు. కొండల్లోకి వెళ్ళేముందు మసేరులోనే నోట్లు తీసుకోండి, చిన్న నోట్లు.

మసేరులో ఊళ్ళో తిరగడానికి ఫోర్ ప్లస్ వన్ అనే షేర్ టాక్సీలు ఉంటాయి, నలుగురు ప్రయాణికులు ఒక డ్రైవర్ అని ఆ పేరు. నడిచి వెళ్తుంటే ప్రతి టాక్సీ మీ పక్కన హారన్ కొడుతుంది, కోపంతో కాదు, ఎక్కుతారా అని అడగడం. దూరాలకి వ్యాన్లు, నిండితే గానీ కదలవు. టైమ్ అడిగి లాభం లేదు, ఎన్ని సీట్లు ఖాళీ ఉన్నాయో చూసుకోవడమే. లోపల కూర్చోగానే అందరికీ కలిపి ఒక దుమేలాంగ్ చెప్పండి.

చలి, కంబళి

దేశం మొత్తం 1,000 మీటర్ల పైనే ఉన్న స్వతంత్ర దేశం ప్రపంచంలో ఇదొక్కటే. అన్నిటికంటే పల్లపు చోటే 1,400 మీటర్ల ఎత్తులో ఉంది, అన్నిటికంటే ఎత్తైన థబానా న్ట్లెన్యానా 3,482 మీటర్లు. ఆఫ్రికా అనగానే ఉక్కపోత, దోమలు అనుకుని పల్చటి చొక్కాలు సర్దుకుని వెళ్తే జూన్, జూలైల్లో వణికిపోతారు, అది వాళ్ళకి చలికాలం, కొండల మీద మంచు పడుతుంది, ఆఫ్రిస్కీ అనే చోట జనం స్కీయింగ్ చేస్తారు. మలేరియా మాత్రం లేదు, ఆ ఎత్తుకి, చలికి మలేరియా మోసే దోమ బతకదు. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా వానలు, మధ్యాహ్నం మబ్బు కమ్మితే గుట్ట మీద నుంచి దిగిపోండి, పిడుగులు చాలా ఎక్కువ. నన్నడిగితే సెప్టెంబర్‌లో వెళ్ళండి. ఇంకా గడ్డి ఎండిపోయి కొండలన్నీ గోధుమ రంగులో ఉంటాయి, ప్రతి ఇంటి పక్కనా పీచ్ చెట్లు మాత్రం ఆకులు లేకుండా ఒట్టి గులాబీ పూలతో నిండిపోతాయి.

కంబళి గురించి చెప్పాలి. బసోతో కంబళి మంచం మీద కప్పుకునేది కాదు, వేసుకునే బట్ట. మగవాళ్ళు కుడి భుజం దగ్గర పిన్ను పెడతారు, ఆడవాళ్ళు ఛాతీ మీద. ఉన్నితో దట్టంగా నేసినది, అంచుకి దగ్గరగా ఒక రంగు చార ఉంటుంది. ఆ చారని నిలువుగా వచ్చేలా వేసుకోవాలి, అడ్డంగా వేస్తే ఎదుగుదల ఆగుతుంది అంటారు. అది మొదట్లో నేతలో వచ్చిన తప్పట, కానీ జనానికి నచ్చి అదే ఆచారమైపోయింది. డిజైన్లకి పేర్లున్నాయి, సెయానామరేనా అన్నిటికంటే గొప్పది, పేరుకి పెద్దల మీద ఒట్టు అని అర్థం, మొక్కజొన్న కంకుల బొమ్మ ఉన్నది కూడా చాలా ఇష్టంగా వేసుకుంటారు. కొనుక్కుంటే ఒక ముసలావిడతో కలిసి వెళ్ళండి. నా మొదటి కంబళి నేను అడ్డంగా కప్పుకుని బయటికొస్తే, ముక్కూ మొహం తెలీని ఒకావిడ రోడ్డు దాటి వచ్చి, "దుమేలా అబుతి" అని, ఏమీ అనకుండా కంబళి తీసి తిప్పి మళ్ళీ భుజం మీద సర్ది, పిన్ను పెట్టి, రెండు తట్లు తట్టి వెళ్ళిపోయింది. పిల్లాడికి చొక్కా గుండీ పెట్టినట్టు.

కొండల్లోకి

మసేరు నుంచి తూర్పుకి వెళ్ళే రోడ్డు మీద ఒక కనుమ పేరే మొదిమో న్థూసే, దేవుడా కాపాడు అని. మలుపులు చూశాక పేరు సరిపోయిందనిపిస్తుంది. సౌతాఫ్రికాలోని క్వాజులూ నాటాల్ వైపు నుంచి వచ్చేవాళ్ళకి సానీ పాస్ ఉంది, 2,800 మీటర్లు దాటిన ఎత్తుకి చేర్చే కంకర దారి, ఫోర్ వీల్ డ్రైవ్ లేకుండా సౌతాఫ్రికా పోస్టు దగ్గరే ఆపేస్తారు. వర్షం, మంచు ఉన్న రోజు పట్టుదలకి పోకండి.

ఒకే ఒక్క చోటుకి వెళ్ళే టైమ్ ఉంటే సెమోన్కోంగ్ వెళ్ళండి. పొగ ఉన్న చోటు అని అర్థం. మలెత్సున్యానే జలపాతం 192 మీటర్లు ఒకే దూకుడు, కింద లేచే తుంపర దూరానికి పొగలా కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు. పక్కనే తాడు కట్టుకుని 204 మీటర్లు కిందికి దిగే ఏర్పాటుంది, గుండె ధైర్యం ఉన్నవాళ్ళు దిగొచ్చు, నేను అంచు మీద బోర్లా పడుకుని చూశా, నాకు అదే చాలింది.

ఆ ఊళ్ళో కారు కంటే గుర్రం ఎక్కువ. 1830 ప్రాంతంలో ఈ కొండలకి గుర్రాలొచ్చాయి, ఆ చలికి, రాళ్ళకి తట్టుకుని పొట్టిగా, గట్టిగా తయారైన జాతే బసోతో పోనీ. బజారు రోజు దుకాణాల ముందు కంబళ్ళు కప్పుకున్న మనుషులు, జీన్లతో గుర్రాలు, మొక్కజొన్న పిండి బస్తాలు మోసే గాడిదలు, అదంతా టూరిస్టుల కోసం కాదు, వాళ్ళ మామూలు రోజు. గుర్రం ఎక్కడం రాకపోయినా ఫర్వాలేదు. ఒకటే నియమం, కళ్ళెం గట్టిగా లాగకండి. రాతి వాలు మీద దిగేటప్పుడు భయంతో మనం కళ్ళెం బిగిస్తాం, గుర్రం తల ఎత్తాల్సి వచ్చి కాలు ఎక్కడ పెట్టాలో చూసుకోలేదు. వదులుగా వదిలేసి మీరు కాస్త వెనక్కి వాలండి. దానికి దారి తెలుసు. పొద్దున గుర్రం ఇచ్చినాయన్ని పలకరించేటప్పుడు గుర్రం పేరు కూడా అడగండి.

దారిలో కాపరి పిల్లలు కనిపిస్తారు, బాదిసానా అంటారు. గంబూట్లు, బూడిదరంగు కంబళి, చేతిలో కర్ర, వెంట కుక్కలు. ఆరేడేళ్ళ వాళ్ళు కూడా ఉంటారు. వేసవిలో మందలతో పాటు ఎత్తైన కొండల్లో రాతి గుడిసెల్లో నెలల తరబడి ఉంటారు. చాలా దేశాల్లో ఆడపిల్లలు బడి మానేస్తే ఇక్కడ మగపిల్లలు మానేస్తారు, ఈ పశువుల కోసమే, చదువొచ్చిన ఆడవాళ్ళే ఇక్కడ ఎక్కువ. లెసోతో ఉన్ని, మొహేర్ అనే అంగోరా మేకల బొచ్చు ప్రపంచ మార్కెట్‌కి వెళ్తాయి, ఆ దారం వెనక ఉన్నది ఈ పిల్లలే. వాళ్ళకి మిఠాయిలు, చిల్లర విసిరేయకండి, అడుక్కోవడం మనమే నేర్పినట్టవుతుంది. ఆగి పలకరించండి, బ్రెడ్డు ఉంటే కూర్చుని కలిసి తినండి. అదృష్టం బాగుంటే వాళ్ళలో ఒకడు లెసిబా వాయిస్తాడు, కర్రకి తీగ, తీగ చివర పక్షి ఈక, ఆ ఈకని నోటి దగ్గర పెట్టి ఊపిరితో మోగించే వాయిద్యం, దూరం నుంచి వింటే పక్షో మనిషో పోల్చుకోలేం.

ఊళ్ళో బస చేయాలన్నా, టెంట్ వేయాలన్నా ముందు ఊరి పెద్దని, అంటే మొరేనాని కలవాలి. ఇది లాంఛనం అనుకోకండి, భూమి దేశం తరఫున రాజు పేరు మీద ఉంటుంది, ఆ ఊళ్ళో దాన్ని చూసుకునేది మొరేనా. వెళ్ళి పలకరించి, ఎవరు మీరు, ఎక్కడి నుంచి, ఎన్ని రోజులు అని చెప్పుకుంటే ఆ రాత్రి మీ బాధ్యత ఊరిదే. ఇళ్ళు గుండ్రంగా రాతి గోడ, గడ్డి కప్పు, మొఖోరో అంటారు, మన చుట్టిల్లే. కొన్ని ఊళ్ళలో ఆడవాళ్ళు గోడ తడి మన్ను మీద వేళ్ళతో గీతలు గీస్తారు, దిటేమా అంటారు, దున్నిన చాళ్ళలా ఉంటాయి, వాన పడితే కరిగిపోతాయి, మళ్ళీ గీస్తారు. ఫోటో తీసుకోవాలంటే ఆ గీసినావిడని అడగండి. కొండల్లో మొహానికి రంగు పూసుకుని గుంపుగా వెళ్ళే కుర్రాళ్ళు ఎదురైతే మాత్రం ఫోటో వద్దు, వాళ్ళు కుర్రాళ్ళు మగవాళ్ళయ్యే ఆచారం కోసం దీక్షలో ఉన్నవాళ్ళు, దారి వదిలి పక్కకి జరగండి. సరిహద్దు పోస్టులు, సైన్యం, రాజభవనం దగ్గర కూడా కెమెరా లోపలే ఉంచండి.

తిండి

పాపా అంటే మొక్కజొన్న పిండి సంకటి, గట్టిగా, తెల్లగా. దాంతో మొరోహో, సన్నగా తరిగి ఉడికించిన ఆకుకూర. కారం ఆశించకండి. మోతోహో అని పులిసిన జొన్న అంబలి ఉంటుంది, చలి పొద్దున గోరువెచ్చగా తాగితే నాకు మిగతా అన్నిటికంటే అదే నచ్చేది. ఊళ్ళో కర్రకి గుడ్డ కట్టి ఉంటే అది బోర్డన్నమాట, తెల్లది అయితే జొన్న బీరు, ఎర్రది మాంసం, ఆకుపచ్చది కూరగాయలు. ఆ బీరు పేరు జ్వాలా, ఒకే డబ్బా చేతులు మారుతుంది, తాగకపోతే నవ్వుతూ రెండు చేతులతో అందుకుని పక్కవాళ్ళకి అందించండి చాలు.

వాళ్ళ బతుకు గురించి మాట్లాడేటప్పుడు

లెసోతో పేదది అని చదివే వెళ్తాం. అక్కడ కూర్చుని మాట్లాడితే ఆ మాట ఒక్కటే సరిపోదనిపిస్తుంది. దేశంలో పదో వంతు నేలే సాగుకి పనికొస్తుంది, మంచి నేల ఎలా పోయిందో పైన చెప్పాను కదా. తరాల తరబడి మగవాళ్ళు సౌతాఫ్రికా బంగారు గనులకి వెళ్ళారు, అక్కడి డబ్బుతోనే ఇక్కడి ఇళ్ళు నడిచాయి. మీతో మాట్లాడే ఏ పెద్దాయన్నైనా అడగండి, గనిలో పనిచేసిన కథ ఒకటుంటుంది. వినండి, మధ్యలో ఆపకండి.

కొండల నుంచి వచ్చే నీళ్ళు ఇంకో సంగతి. 1986 ఒప్పందంతో మొదలైన ప్రాజెక్టు, 185 మీటర్ల కట్సే డ్యామ్, కొండల కింద సొరంగాల గుండా జోహన్నెస్‌బర్గ్ వైపుకి నీళ్ళు వెళ్తాయి, బదులుగా డబ్బొస్తుంది. కట్సేకి వెళ్తే అక్కడి తోటలో స్పైరల్ అలో చూడండి, ఆకులు గింగిరాలు తిరిగినట్టు అమరే ఆ మొక్క సహజంగా పెరిగేది ప్రపంచంలో లెసోతోలోనే, ఎవరైనా రోడ్డు పక్కన అమ్మితే కొనకండి, పీకడం నేరం.

వజ్రాలున్నాయి. 3,100 మీటర్ల ఎత్తున లెట్సెంగ్ గని, 2018లో అక్కడ 910 కారట్ల రాయి దొరికింది. కానీ నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది 1967లో అదే చోట చేతులతో మట్టి గాలిస్తూ 601 కారట్ల రాయి పట్టుకున్న ఎర్నెస్టైన్ రామబోవా. తర్వాత అది 18 ముక్కలుగా కోసి ఎక్కడెక్కడో ధనవంతుల వేళ్ళకి చేరింది.

ఇక మసేరు, మపుత్సోల్లో బట్టల ఫ్యాక్టరీలు, పనిచేసేది ఎక్కువగా ఆడవాళ్ళు, అమెరికాలో అమ్మే జీన్స్ చాలా ఇక్కడ కుట్టినవే. 2025 మార్చిలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ వాళ్ళ పార్లమెంటులో ఈ దేశం పేరు ఎవరూ విననే లేదన్నాడు, తర్వాతి నెలలో 50 శాతం సుంకం ప్రకటించాడు, తర్వాత అది 15కి తగ్గింది. ఆ గొడవ నడుస్తున్నప్పుడు నాకు తెలిసిన ఒక ఔసికి ఫోన్ చేశా, పదేళ్ళుగా జీన్స్ జేబులు కుట్టే మనిషి, వారంలో మూడు రోజులే పని ఇస్తున్నారంది. కానీ అది చెప్పడానికి ముందు మీ ఇంట్లో అందరూ ఎలా ఉన్నారని ఒక్కొక్కరి పేరూ అడిగింది.

వచ్చేసేటప్పుడు

వీడ్కోలుకి రెండు మాటలున్నాయి, తారుమారు చేయకండి. వెళ్ళిపోయే మనిషి ఉండిపోయేవాళ్ళతో "సాలా హాంట్లే" అనాలి, బాగా ఉండు అని. ఉండేవాళ్ళు వెళ్ళేవాళ్ళతో "త్సమాయా హాంట్లే" అంటారు, బాగా వెళ్ళు. ఎవరికీ చెప్పకుండా పొద్దున్నే బ్యాగ్ సర్దుకుని జారుకోకండి. బస చేసిన ఇంటి మ్మేకి, మొరేనాకి, గుర్రం ఇచ్చినాయనకి, విడివిడిగా వెళ్ళి చెప్పి రండి, దానికి ఒక గంట పడుతుంది, ఆ గంట ముందే లెక్కలో పెట్టుకోండి. నేను వచ్చేసే రోజు రోమా స్టాప్ దగ్గర కంకులావిడకి చెప్దామని వెళ్తే, ఆవిడ లేదు, మనవడున్నాడు. "దుమేలా న్తాతే" అన్నాడు, నేను బదులు చెప్పేదాకా ఆగి, అప్పుడు వాళ్ళ న్ఖోనో ఎక్కడికెళ్ళిందో చెప్పాడు.